సల్లనీళ్లకు చెప్పని మాట

కాశిబుగ్గల నా దుకాణం.
దుకాణమంటే రేకు లేదు, గల్లా లేదు,
రోడ్డు పక్క బోర్లేసిన నీలం డ్రమ్ములు ముప్పై నలభై,
ఒక నీళ్ల పైపు, సబ్బు పొడి, అరిగిన కొబ్బరి పీచు.
ఏ కంపెనీలకెళ్లి వచ్చినయో నేనడగ.
ఏ ఇంటికి పోతయో కొన్నోళ్లు చెప్పరు.
చింపిన లేబుల్ జిగురు మీద
పుర్రె బొమ్మ సగం మిగిలితే
గోరుతోని గీకి
ఆ సగం నవ్వు గూడ తీసేస్త.

శివరాత్రి పోయిన వారానికి
కొత్తగూడ దిక్కుకెళ్లి పూనెం ముత్తక్క వచ్చింది.
కొంగు ముడిల ఎండిన ఇప్పపువ్వు.
"ఇది నానెయ్యనీకి" అన్నది, దాపరికం లేదు,
ఎక్సైజోళ్ల భయం కంట్లె ఒక మూలకున్నది, అంతే.
గోలెం పగిలిందట.
డ్రమ్మైతే పగలదు,
మనుమడు నెత్తిన పెట్టుకొని వాగు దాటుతడు.
"తొలి నీళ్లు ఉడుకుడుకుగ పోస్తం.
ఓర్సుకుంటదా ఇది?"

నేను నా పాట ఎత్తుకున్న:
మందం చూడు, తన్ని చూడు, ఎట్ల మోగుతదో చూడు,
అడుగున మూడు బాణాల ముక్కోణం, నడుమ రెండు.
"రెండంటే?"
రెండంటే మంచిదన్న.
ఆమె నా మొఖం దిక్కు చూసింది కొంచెం సేపు.
"జెర్ర ఉడుకు నీళ్లు దొరుకుతయా?"

సారంగం చాయ్ బండి మీదికెళ్లి
సలసల కాగే గిన్నెడు తెచ్చిన.
పోసింది. అడుగు టక్కుమన్నది.
తడిపిన తువ్వాల మూతికి కప్పి
ఒక బీడీ కాలేంత సేపు కూసున్నది.
తువ్వాల తీసి, భుజాల దాక లోపలికి వంగింది,
బాయిల పడ్డ చెంబును ఎతికినట్టు.

ఏమనలే. ఇంకోటి చూపెట్టింది.
మళ్ల గిన్నెడు. మళ్ల బీడీ.
సారంగం పైసలడుగుడు మొదలుపెట్టిండు.
ఐదోదాంట్లకెళ్లి తల తీసి
"పత్తి చేన్ల కొట్టే మందు" అన్నది.

నేనూ వంగిన.
ఆవిరి తగిలింది, వెచ్చగ.
అంతే.
పదహారేండ్లు యాసిడ్ల, సబ్బుల తిరిగిన ముక్కు
ఎప్పుడు పోయిందో
నాకొక మాట చెప్పకుండనే పోయింది.
మాడిన కూర గూడ మంచిగున్నదంటే
మా ఓదమ్మ ఇన్నొద్దులు ప్రేమనుకున్నది.

"సల్లనీళ్లు పోస్తే ఇది నోరు మెదపదు అయ్యా.
ఉడుకుతోని అడిగితేనే కక్కుతది.
తాగేటోడు నిషాల ఏం గుర్తుపడ్తడు.
వేల్పుకు సాక పోస్తం గదా,
వేల్పు ఊకుంటదా?"

ఉడుకు మట్టిలనే పోస్త అన్నది.
మోచెయ్యి ముంచి ఓర్సుకునేంత సల్లారినంక
కావాలంటే డ్రమ్ముల పోసుకుంట,
తినే సరుకు తప్ప ఏదీ ఎరగంది ఉంటే తియ్యి.
నేను ముప్పై నలభైటి దిక్కు చూసిన.
తెల్వదన్న.
బేరం చేసేటోని నోట్లెకెళ్లి ఆ మాట
ఇత్తునం లెక్క ఊడిపడ్డది.

పోతూ ముడిప్పి నాలుగు పువ్వులు చేతిల పెట్టింది.
నమిలిన.
తీపి మిగిలే ఉన్నది, వాసనే లేదు.

పొద్దుమీకి అమ్మినయన్నీ యాదికొచ్చినయి.
గీసుకొండ పెండ్లికి నాలుగు,
సాంబారు పొయ్యి మీదికెళ్లి నేరుగ అండ్లనే పోసిన్రట,
మస్తుగున్నదని అందరు మళ్లమళ్ల ఏసుకున్నరట.
పర్వతగిరి హోటల్‌కు రెండు.
పైపు కింద కడిగిన నీళ్లు
ఎక్కడికి పోయినయో అది వేరే లెక్క.

ఇంట్ల మంచినీళ్ల డ్రమ్ము గూడ నా దుకాణందే,
ఏరి ఏరి తెచ్చుకున్నది, ఆరేండ్లాయె.
ఎండకాలం రేకుల కింద
మధ్యాన్నానికి చెయ్యి కాలేంత కాగుతది అది.
ఉన్న నీళ్లన్నీ మోరీల పారబోసిన.
ఓదమ్మ తిడుతనే ఉన్నది, నల్లా మళ్ల ఎల్లుండని.
గంజుల నీళ్లు కాగబెట్టి పోసి, తువ్వాల కప్పిన.
బీడీ ముట్టియ్యలే.

చిన్నబిడ్డను పిలిచిన.
దానికి దూరంకెళ్లే వాన వాసనొస్తది.
"బిడ్డా, ఇందుల మొఖం పెట్టి
ఏమొస్తున్నదో చెప్పు."

అది స్టూలెక్కి లోపలికి వంగింది.
జడ జారి డ్రమ్ము బయట ఊగుతున్నది.